ఆరు బెజ్జాల తీర్మానం

మేకులాయన ఆ షెడ్డులో అడుగుపెట్టే నాటికి ఆయన దగ్గరున్న సరుకు ఇది: ఏడడుగుల ఇనుప కమ్మీ ఒకటి, దానికి రెండు కాళ్లు, ఒక్కో కాలి కింద అరచెయ్యంత పలక, పలకకి మూడు చొప్పున సుద్దముక్కతో పెట్టుకున్న ఆరు చుక్కలు. ఆ చుక్కలు ఆరూ బెజ్జాలైతే కమ్మీని ఇంటిముందు మూడు మెట్ల పక్కన బోల్టులతో బిగించవచ్చు. బిగిస్తే వాళ్లమ్మ అది పట్టుకుని వీధిలోకి దిగవచ్చు. జారిపడి మోకాలు దెబ్బతిన్న దగ్గర్నుంచి ఆవిడ గడప దాటలేదు. ఎదురింటావిడ అటు అరుగు మీద, ఈవిడ ఇటు గుమ్మంలో, మధ్యన వీధి. ముప్పై ఏళ్లుగా చెవిలో చెప్పుకున్న కబుర్లు ఇప్పుడు ఇద్దరూ కేకలేసి చెప్పుకోవలసి వస్తోంది. దానివల్ల ఆ వీధిలో అప్పటికే వేరే రెండు కుటుంబాల మధ్య మాటలు ఆగిపోయాయి.

మేకులాయన పాతికేళ్లుగా మేకులు, మరలు, బోల్టులు, డ్రిల్లు బిట్లు అమ్ముతున్నాడు. ఇనుములో బెజ్జం వేసే మిషన్ మాత్రం ఆయన కొట్లో లేదు. గేట్లు చేసేవాడి దగ్గరికి వెళితే, "ఆరు బెజ్జాలకి మిషన్ ఆన్ చెయ్యనండి. అరవై ఉంటే పట్రండి" అన్నాడు. మిగతా యాభైనాలుగు బెజ్జాలు ఇంట్లో ఎక్కడ పెట్టుకోవచ్చో మేకులాయన నిజాయితీగా ఆలోచించి, గిట్టుబాటు కాదని తేల్చుకుని, కమ్మీ భుజాన వేసుకుని రెండు వీధుల అవతలున్న షెడ్డుకి వెళ్లాడు.

షెడ్డు అన్నది వీధి పెట్టిన పేరు. బోర్డు మీద 'హ్యాకర్‌స్పేస్' అని ఉంటుంది. అందులో జీతగాళ్లు లేరు, యజమాని లేడు. పనిముట్లు అందరివీ. డ్రిల్లింగ్ మిషన్, లేతు, వెల్డింగు, టంకం వేసే బల్లలు, అన్నీ ఉన్నాయి. ఎవరైనా సభ్యులు కావచ్చు, ఏదైనా చేసుకోవచ్చు. అందరూ స్వచ్ఛందంగా నడుపుతారు. మేకులాయన వెళ్లిన మంగళవారం సాయంత్రం ఐదింటికి అక్కడ సమావేశం జరుగుతోంది.

"ఈ సంస్థకి నాయకుడు లేడు, ఉండడు, ఉండబోడు," అని సమన్వయకర్త ఒక చెక్కపెట్టె ఎక్కి ప్రకటిస్తున్నాడు. "ఇక్కడ అందరూ సమానులే. ఈ విషయం మీద నా తర్వాత ఇంకెవరూ మాట్లాడరు."

సమన్వయకర్త ఒక ప్రభుత్వ కార్యాలయంలో ముప్పైనాలుగేళ్లు సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైన మనిషి. ఆ ముప్పైనాలుగేళ్లలో ఆయన బల్ల మీద నుంచి ఒక్క ఫైలు కూడా పోలేదని చెప్పుకుంటారు. ఎటూ పోలేదట. అంతటి అనుభవాన్ని ఆయన పైసా తీసుకోకుండా ఈ షెడ్డుకి ధారపోస్తున్నాడు. నాయకుడు లేడన్న సంగతి ఆయన ఆ రోజు యాభై నిమిషాలు వివరించాడు.

తర్వాత మినిట్స్ మేడమ్ కొత్త సభ్యుడికి పద్ధతులు నేర్పింది. ఆవిడ కాలేజీ లెక్చరర్. సమావేశంలో ఎవరేమన్నా పుస్తకంలో రాయడం ఆవిడ పని. ఒప్పుకుంటే వేళ్లు పైకి పెట్టి ఆడించాలి. ఒప్పుకోకపోతే కిందికి పెట్టి ఆడించాలి. ఎవరైనా ఒక్కరు పిడికిలి ఎత్తితే ఆ విషయం అక్కడితో ఆగిపోతుంది. అందరికీ ఇష్టమైతేనే ఏ పనైనా జరగాలి కదా.

"ఇప్పటివరకు ఎన్ని పనులు జరిగాయండి?" అని మేకులాయన అడిగాడు.

"మీరు అజెండాలో లేని విషయం అడుగుతున్నారు," అంది మేడమ్.

డ్రిల్లింగ్ మిషన్ బెల్టు తెగి ఉంది. దాన్ని మార్చాలా వద్దా అన్నది అజెండాలో పదకొండో అంశం. ఆ రోజు సమావేశం మూడో అంశం దాకా వచ్చింది. కుర్చీలు తూర్పుకి తిప్పి వెయ్యాలా, పడమరకా అన్నది మూడో అంశం. ఎవరో పిడికిలి ఎత్తారు. దాంతో కుర్చీలన్నీ ఆ వారానికి ఎటూ కాకుండా మూలకి తిప్పి వేశారు.

ఇంటికి రాగానే అమ్మ అడిగింది. "అయిందిరా?"

"వచ్చే మంగళవారం చూస్తారమ్మా."

"ఏం చూస్తారు? బెజ్జమేగా?"

"పద్ధతి ఉంటుందమ్మా."

"బెజ్జానికి పద్ధతేమిట్రా, ఇటు నుంచి అటు కనిపించాలి," అంది అమ్మ.

మేకులాయన వ్యాపారస్తుడు. ఎదురుచూడటం కూడా ఒక ఖర్చే అని తెలిసినవాడు. షెడ్డు గోడ మీద పెద్ద ఎర్రక్షరాలతో 'చేసినవాడిదే మాట' అని రాసి ఉంది. దాన్ని ఆయన రెండుసార్లు చదివి, బుధవారం పొద్దున్నే తన కొట్లోంచి కొత్త బెల్టు తీసుకెళ్లి ఐదు నిమిషాల్లో వేసేశాడు. స్విచ్చి నొక్కాడు. మిషన్ తిరిగింది. మొదటి చుక్క మీద బిట్టు దించితే వెండిపోగుల్లాంటి తురుము లేచి, పలకకి అటువైపు వెలుగు కనిపించింది. పాతికేళ్లుగా బిట్లు అమ్ముతున్నా, అవి ఏం చేస్తాయో మేకులాయన చూడటం అదే మొదలు. రెండో చుక్క సర్దుకుంటుండగా వెనకనుంచి మినిట్స్ మేడమ్ గొంతు వినిపించింది.

"ఇది ఏ తీర్మానం కిందండీ?"

ఆ సాయంత్రమే అత్యవసర సమావేశం. ముప్పైమంది వచ్చారు. అంతమంది ఒకేసారి రావడం సంస్థ చరిత్రలో లేదని సమన్వయకర్త సంతోషం వ్యక్తం చేసి, వెంటనే ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు.

"బెల్టు ఎవరు మార్చారు?"

"నేనే సార్."

"ఎవరి అనుమతితో?"

"గోడ మీద రాసుంది కదండీ, చేసినవాడిదే మాట అని."

"అది నినాదం. నినాదాన్ని ఎవరైనా అమలు చేస్తారా?" అన్నాడు సమన్వయకర్త, బాధగా. "పైగా మీరు ఒక రంధ్రం వేశారు."

"ఒక్కటేనండి. రెండోది మొదలెట్టేలోపు మేడమ్ వచ్చారు."

"ఒకటైనా రంధ్రం రంధ్రమే. రేపు ప్రతి సభ్యుడూ వచ్చి తోచినట్టు రంధ్రాలు వేసుకుంటూ పోతే ఈ సంస్థ ఏమవుతుంది?"

"వర్క్‌షాపు అవుతుంది సార్," అని వెనక బెంచీ నుంచి వెల్డరు అన్నాడు.

వెల్డరు ఆ షెడ్డులో చేతికి నల్లటి మరకలున్న ఏకైక సభ్యుడు. అతని మాట మేడమ్ పుస్తకంలో రాయలేదు.

మూడు గంటల చర్చ తర్వాత, విచారణలో ఉన్నవాడికి పిడికిలి ఎత్తే హక్కు లేదు కనుక, రెండు తీర్మానాలు ఏకగ్రీవంగా ఆమోదం పొందాయి. ఒకటి, కొత్త బెల్టు తీసేసి పాత బెల్టును తెగిన స్థితిలోనే యథాస్థానంలో ఉంచాలి. రెండు, అనుమతి లేకుండా వేసిన రంధ్రాన్ని పూర్వస్థితికి తేవాలి.

"బెజ్జాన్ని పూర్వస్థితికి ఎలా తెస్తారండీ?" అన్నాడు మేకులాయన.

"అది సాంకేతిక విషయం. వెల్డరుగారు ఉన్నారు," అన్నాడు సమన్వయకర్త.

వెల్డరు మర్నాడు ఆ పని మనసుపెట్టి చేశాడు. బెజ్జంలో కరిగిన లోహం నింపాడు, పైన అరగదీశాడు, చేత్తో తడిమి చూసుకున్నాడు.

"చూడు బాబాయ్, ఎక్కడ వేశావో నువ్వే చెప్పలేవు," అన్నాడు. "ఏమనుకోకు. ఏడాదిలో ఇక్కడ నాకు దొరికిన మొదటి పని ఇదే."

మేకులాయన లెక్క చూసుకున్నాడు. నిన్న ఒక బెజ్జం నికరంగా చేతిలో ఉంది. ఇవాళ సున్నా. చుక్కలు కూడా ఆరు నుంచి ఐదుకి దిగాయి, ఎందుకంటే బెజ్జం పూడ్చి అరగదీసిన చోట ఇప్పుడు చుక్క కూడా లేదు. వేరేవాడైతే కమ్మీ భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. మేకులాయన వెళ్లలేదు. పెట్టిన పెట్టుబడిని మధ్యలో వదిలేస్తే దాన్ని నష్టం అంటారు, చివరిదాకా పెడుతూ పోతే అనుభవం అంటారు. పైగా ఇక్కడి బజారు ఆయనకి ఇప్పుడే అర్థమైంది. ఇక్కడ చెల్లేది ఇనుము కాదు, వేళ్లు.

ఆ మరుసటి మంగళవారం నుంచి ఆయన వేళ్ల వ్యాపారం మొదలుపెట్టాడు. కిటికీ రంగు నీలం ఉండాలన్నవాడికి వేళ్లు పైకి ఆడించాడు, ఆకుపచ్చ ఉండాలన్నవాడికీ ఆడించాడు. బదులుగా ఇద్దరూ పదకొండో అంశం తొమ్మిదికి జరగడానికి ఒప్పుకున్నారు. పిల్లి షెడ్డులోకి రావడాన్ని సభ్యత్వంగా పరిగణించాలన్నవాడికి మద్దతిచ్చి ఏడుకి తెచ్చాడు. మూడు నెలలకి ఆయన అంశం నాలుగో స్థానంలో ఉంది. అప్పుడు దాన్ని లోతుగా పరిశీలించడానికి 'రంధ్రాల ఉపసంఘం' వేశారు. మేకులాయననే దానికి కన్వీనరు చేశారు. వద్దంటే పిడికిలి ఎత్తాలి. ఎత్తితే బెజ్జాలు ఆగిపోతాయి. కాబట్టి ఒప్పుకున్నాడు.

ఉపసంఘం నలభై పేజీల నివేదిక ఇచ్చింది. రంధ్రం అంటే పదార్థం లేకపోవడం అనీ, లేకపోవడానికి అనుమతి ఇచ్చే అధికారం సంస్థకి ఉందో లేదో తేలాలంటే మరో ఉపసంఘం అవసరమనీ అందులో ఉంది. ఆ వాక్యం మేకులాయనదే. రాసినప్పుడు ఆయనకే ముచ్చటేసింది.

"ఏరా, కమ్మీ ఎంతవరకు వచ్చింది?" అని అమ్మ అడిగింది.

"ఉపసంఘం వేశారమ్మా. నన్నే పెద్దగా పెట్టారు."

"అది పట్టుకుని మెట్లు దిగొచ్చా?"

"నివేదిక కూడా ఇచ్చాం. బాగుందన్నారు."

"ఎన్ని పేజీలు?"

"నలభై."

"అయితే దొంతరగా మెట్టు పక్కన పెట్టు. ఒక మెట్టు ఎత్తయినా తగ్గుతుంది," అంది అమ్మ.

సమావేశాలు వారానికి ఒకటి నుంచి మూడుకి పెరిగాయి. జనం కూడా పెరిగారు. వచ్చినవాళ్లు కూర్చోవాలంటే కుర్చీలు కావాలి, కుర్చీలకి చోటు కావాలి. చోటు కోసం ముందు లేతును పెరట్లోకి జరిపి టార్పాలిన్ కప్పారు. తర్వాత డ్రిల్లింగ్ మిషన్‌ను జరిపారు. చివరికి పనిబల్లల కాళ్లు విప్పి, వాటి పైచెక్కలు పెరటి గోడకి ఆనించారు.

"మరి పని ఎక్కడ చేసుకోవాలి సార్?" అని వెల్డరు అడిగాడు.

"పని గురించి మాట్లాడుకోవడానికే కదయ్యా ఇంత చోటు చేస్తున్నాం," అన్నాడు సమన్వయకర్త.

వెల్డరు ఆ తర్వాత రావడం మానేశాడు. గైరుహాజరైనందుకు అతని మీద విచారం వ్యక్తం చేస్తూ తీర్మానం చేశారు.

ఇంత మంచి పేరు దాగదు. స్వయంపాలన శాఖ మంత్రిగారి చెవిన పడింది. దేశంలో ఎక్కడెక్కడో తిరిగి మంత్రిగారు ఉత్తమ స్వచ్ఛంద సంస్థ కోసం వెతుకుతున్నారట. ఈ షెడ్డు మినిట్స్ పుస్తకాలు పన్నెండు చూసి, తెరవకుండానే ఎంపిక చేశారట. ఫలానా శుక్రవారం పొద్దున స్వయంగా వస్తున్నారు.

ముందుగా మంత్రిగారి అధికారి ఒకాయన వచ్చి షెడ్డంతా చూశాడు.

"ఇక్కడ తయారైన వస్తువు ఏదైనా ప్రదర్శనకి పెట్టాలి. ఏముంది?"

సమన్వయకర్త మినిట్స్ పుస్తకాలు చూపించాడు. మేకులాయన ఇలాంటి బేరం కోసమే ఏడాదిగా కొట్టు తెరిచి కూర్చున్నాడు.

"కమ్మీ ఉందండి," అన్నాడు. "ఆరు బెజ్జాలు పడితే తయారు."

"పడేయండి మరి."

"తీర్మానం కావాలండి."

"మంత్రిగారు వస్తున్నారు," అన్నాడు అధికారి.

ఆ నిమిషంలోనే నలభైఒక్క జతల వేళ్లు పైకి లేచి ఆడాయి. ఒక్క పిడికిలి లేదు. మేకులాయన గురువారం పెరట్లో టార్పాలిన్ తీసి, బెల్టు వేసి, ఆరు బెజ్జాలూ వేశాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. ఎటునుంచి చూసినా అటు కనిపించింది. మర్నాడు సభ కాగానే కమ్మీ ఇంటికి తీసుకెళ్లి బిగించడానికి బోల్టులు కూడా జేబులో వేసుకున్నాడు.

శుక్రవారం పొద్దున మంత్రిగారు వచ్చారు. వేదిక మూడు మెట్ల ఎత్తున కట్టారు. మంత్రిగారు మొదటి మెట్టు దగ్గర ఆగి, మోకాలు పట్టుకుని అధికారి వైపు చూశారు. అధికారి కమ్మీ వైపు చూశాడు.

"సార్‌కి మోకాలు నొప్పి. పట్టుకోవడానికి అది బిగించండి."

"ఎవరికైనా అభ్యంతరమా?" అని సమన్వయకర్త పద్ధతి ప్రకారం సభను అడిగాడు.

మేకులాయన కుడిచెయ్యి దానంతటదే లేచింది. నాలుగు వేళ్లు ముడుచుకున్నాయి. బొటనవేలు ఒక్కటే మిగిలింది. అది కూడా ముడుచుకుంటే కమ్మీ ఇంటికి వెళుతుంది, మంత్రిని కాదన్నవాడిగా ఈ ఊళ్లో ఒక మేకులవాడు మిగులుతాడు. సమన్వయకర్త ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"ఇవాళ మిమ్మల్ని సంయుక్త సమన్వయకర్తగా మంత్రిగారే ప్రకటిస్తున్నారు. కమ్మీ గంటసేపేగా, సభ కాగానే విప్పేద్దాం."

మేకులాయన లెక్కవేశాడు. గంట అద్దెకి పదవి. ఏ బజారులోనూ దొరకని ధర. వేళ్లు విచ్చుకున్నాయి, పైకి తిరిగాయి, ఆడాయి. జేబులోంచి బోల్టులు కూడా తనే తీసి ఇచ్చాడు.

మంత్రిగారు కమ్మీ పట్టుకుని ఎక్కారు. "ఏడాదిలో నూటపన్నెండు సమావేశాలు," అన్నారు మైకులో. "ఒక్క ప్రమాదం లేదు. ఒక్కరి వేలు తెగలేదు. కరెంటు ఫ్యాన్లకి తప్ప వాడలేదు. ఇన్ని యంత్రాల మధ్య ఇంత నిగ్రహం నేను మా కేబినెట్‌లో కూడా చూడలేదు." చప్పట్లు ఆగాక దిగబోతూ కమ్మీని చేత్తో నిమిరారు. "గట్టిగా ఉంది. ఇది ప్రజల సొత్తు. ఇక్కడే శాశ్వతంగా ఉండాలి." చప్పట్లు మళ్లీ మొదలయ్యాయి. సంయుక్త సమన్వయకర్త కూడా కొట్టాడు, ఫోటోలో ఉన్నాడు కాబట్టి.

మధ్యాహ్నం మెడలో దండ, చేతిలో జ్ఞాపికతో ఇంటికి వస్తే గుమ్మంలో అమ్మ లేదు. ఇంట్లో లేదు. ఎదురింటి అరుగు మీద కూర్చుని ఉంది. మూడు మెట్ల మీదా వాలుగా ఎనిమిదడుగుల పొడవున్న మందపాటి చెక్క పరిచి ఉంది. కాలు జారకుండా దాని మీద జానెడుకో సన్న బద్ద కొట్టి ఉంది. చెక్క పక్కనే గోడకి ఒక తాడు లాగి కట్టి ఉంది.

"ఆ వెల్డరబ్బాయి వచ్చాడురా," అంది అమ్మ అక్కణ్నుంచే. "నీ కోసం వచ్చాడు. నువ్వు మంత్రి దగ్గరున్నావన్నాను. మెట్లు చూశాడు, వెళ్లాడు, చెక్క మోసుకొచ్చి పడేశాడు. మేకులు మన కొట్లోవేనట, డబ్బిచ్చి కొన్నానన్నాడు. టీ చల్లారేలోపు అయిపోయింది. నువ్వేం తెచ్చావు?"

మేకులాయన జ్ఞాపిక చూపించాడు.

"బాగుంది. తలుపు గాలికి కొట్టుకోకుండా పెట్టు," అంది అమ్మ.

సోమవారం పొద్దున మినిట్స్ మేడమ్ కొట్టుకి వచ్చింది. చేతిలో కాగితం.

"సంస్థకి చెందిన పనిబల్ల చెక్క ఒకటి పెరట్లోంచి తీర్మానం లేకుండా పోయింది. ఫలానా ఇంటి మెట్ల మీద ఉన్నట్టు నేనే కళ్లారా చూశాను. మంగళవారం వచ్చి సంజాయిషీ చెప్పమని ఆ ఇంటావిడకి నోటీసు ఇవ్వాలి. సంయుక్త సమన్వయకర్త సంతకం కావాలి."

"అది మా ఇల్లండీ."

"అందుకే మీ దగ్గరికి వచ్చాను. మీకు తెలియకుండా పంపితే అది అప్రజాస్వామికం కదా."

మేకులాయన కాగితం చదివాడు. భాష తప్పు పట్టడానికి లేదు. సంతకం చేశాడు, భోజనానికి వెళుతూ తనే తీసుకెళ్లి ఇచ్చాడు. అమ్మ కళ్లజోడు పెట్టుకుని చివరిదాకా చదివింది.

"సంతకం ఎవరిదిరా?"

"నాదే."

"దస్తూరీ కుదురుకుంది," అంది అమ్మ. "మంగళవారం ఐదింటికా? వస్తాను. ఎదురింటావిడ కూడా రావచ్చా?"

"ఎవరైనా రావచ్చమ్మా. మాది అందరి సంస్థ."

"అయితే అప్పటిదాకా చెక్క తియ్యకండి. తీసేస్తే సంజాయిషీ చెప్పడానికి నేను మెట్లెలా దిగి వస్తాను?"

మేకులాయన అన్నం కలుపుకున్నాడు. ఏడాదిగా ఆ షెడ్డులో నూటపన్నెండు సమావేశాల్లో కూర్చున్నాడు. ఇంత బలమైన వాదన అక్కడ ఒక్కటీ వినలేదు.

మంగళవారం ఇద్దరు ముసలమ్మలూ వెళ్లి మొదటి వరుసలో కూర్చున్నారు. హాజరు నలభైఒకటి నుంచి నలభైమూడుకి పెరిగింది. చెక్క విషయం లోతుగా పరిశీలించవలసి ఉంది కనుక వచ్చే మంగళవారానికి వాయిదా వెయ్యాలనీ, నోటీసు అందుకున్నావిడ హాజరు తప్పనిసరి కనుక అంతవరకు చెక్కని ఎవరూ కదపరాదనీ సంయుక్త సమన్వయకర్త ప్రతిపాదించాడు. వేళ్లన్నీ పైకి లేచి ఆడాయి. వాయిదా ఉందన్న సంతోషం సమన్వయకర్త ముఖంలో దాగలేదు.

ఇప్పటికి ఆ విషయం పందొమ్మిదిసార్లు వాయిదా పడింది. మేకులాయన లెక్క ప్రకారం నికరంగా మిగిలింది ఇది: అమ్మ వారానికి ఆరు రోజులు ఎదురింటికి వెళుతోంది, ఏడో రోజు సమావేశానికి.